పండుకున్న గోల్

కూర్చోమన్నారు, కూర్చున్నాను. నాకంటే ముందు ఈ బల్ల మీద కూర్చున్న వాళ్ళ తలనూనె గోడకు నల్లగా అంటుకుని ఉంది, దానికి తగలకుండా కొంచెం ముందుకు వంగి కూర్చున్నాను. పదకొండు దాటింది. పన్నెండుకు భోంగా, కార్ఖానా సైరను, మోగుతుంది, అది మోగేలోపల పిలుస్తామని దత్తాత్రి చెప్పి లోపలికి పోయాడు. పిలిచి మూడే మూడు గీయమంటారు. ఒక సీదా గీత, ఒక గోల్, ఒక డబ్బా. స్కేలు లేకుండా, వాళ్ళ కళ్ళ ముందు, చేత్తో. మూడూ కుదిరితే దుప్పట్లు నేసే ఈ చద్దర్ల కార్ఖానాలో, ఆ తలుపు వెనక వాటి నమూనాలు గీసే నక్షా గదిలో, మా ఆయన ఇరవై రెండేళ్ళు కూర్చున్న పీట నాది. కుదరకపోతే నెలాఖరుకు మేముండే ఒంటిగది ఖోలీ ఖాళీ చెయ్యాలి. ఖోలీ కార్ఖానా వాళ్ళది, నక్షాలు గీసే మనిషికని ఇచ్చింది, ఆ నక్షాలు గీసే చెయ్యి మంచం మీద పడి ఏడు నెలలయింది. ఏడు నెలలు ఊరుకున్నారంటే మంచివాళ్ళనే అనాలి. మంచివాళ్ళే. మంచితనానికి కూడా నెలాఖరు ఉంటుంది కదా, దాన్ని తప్పు పట్టి ఏం లాభం? సోలాపూర్ కొంతం చౌక్ నుంచి ఇక్కడిదాకా నడిచి వస్తుంటే దారి పొడుగునా నా కంటికి గోడలు కనిపించలేదు, గీతలు కనిపించాయి. కరెంటు స్తంభం నిలువు గీత, తీగ వంకర గీత, సైకిల్ చక్రం పక్కనుంచి చూస్తే గోల్, ముందు నుంచి చూస్తే మళ్ళీ గీత. ముప్పై తొమ్మిదేళ్ళకు నాకు పట్టిన పిచ్చి ఇది.

ఒళ్ళో మూడు నెలల కాగితాలున్నాయి, బీడీలకు కట్టే దారంతోనే కట్టిన కట్ట. ఆ దారం ఉండ ఎప్పుడూ నా నడుము దగ్గర చీర కుచ్చిళ్ళలో ఉంటుంది. గోడ అవతల సాంచాలు, కరెంటు మగ్గాలు, ఆడుతున్నాయి, ఆ ఖట్‌ఖటకు బల్ల వణుకుతోంది, బల్లతో పాటు నేనూ వణుకుతున్నాను, ఇందులో నా వణుకు ఎంతో సాంచాల వణుకు ఎంతో చెప్పలేను. లోపల బల్ల కూడా ఇలాగే ఆడుతుంటే గీత ఎలా నిలుస్తుంది? ఆయన్ని అడగాల్సింది, అడగలేదు. పెన్సిల్ వేళ్ళ మధ్య తిరుగుతోంది, నేను తిప్పడం లేదు, అదే తిరుగుతోంది. గీయడం నేర్పిన మొదటి రోజే ఆయన మంచం మీద నుంచి కసిరాడు, “గట్ల బీడీ సుట్టినట్టు తిప్పకే పెన్సిల్‌ను. సుట్టుడు కాదు, గీసుడు.” ఏం చేసేది, పదకొండేళ్ళప్పుడు మా అమ్మ నా ఒళ్ళో బీడీల చాట పెట్టింది, అప్పటి నుంచి ఈ వేళ్ళకు తెలిసింది ఒక్కటే, సన్నగా పొడుగ్గా ఏది దొరికినా చుట్టడం. ఆకు కత్తిరించడానికి కూడా ఫర్మా ఉంటుంది, చిన్న రేకు ముక్క, దాన్ని ఆకు మీద పెట్టి చుట్టూ కత్తెర తిప్పడమే. నా బతుకులో ఫర్మా లేకుండా సొంతంగా ఒక్క గీత కూడా నేను వెయ్యలేదని ఆ రోజే తెలిసింది. నూలు బండిళ్ళకు చుట్టి వచ్చే ఖాకీ కాగితం నేల మీద పరిచి, రెండు చుక్కలు పెట్టి, ఈ చుక్క నుంచి ఆ చుక్కకు పొమ్మన్నాడు. బోర్లా పడ్డ పిల్ల పాకినట్టు పోయాను. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది, నాలుగు నెలలైంది అప్పటికి ఆయన నవ్వి.

ఇరవై రోజులు గీతలే. పొద్దున లేచి గీతలు, బీడీలు, మళ్ళీ గీతలు. “మణికట్టుతోని కాదు, భుజంలకెళ్లి రావాలె గీత” అనేవాడు. భుజం అనేది ఒకటి నాకుందని అప్పుడే తెలిసింది, ఇన్నేళ్ళూ అది చాట ముందు గడ్డకట్టి ఊరికే కూర్చుంది. “ముందుగాల గాలిల గియ్యి. రెండు మూడు సార్లు తిప్పు. చెయ్యికి తొవ్వ ఎరుకైనంక కాగితం మీద దించు. కన్ను పెన్సిల్ మీద పెట్టకు, పొయ్యే జాగ మీద పెట్టు.” పోయే చోటు మీద కన్ను పెట్టమంటే నాకు దుఃఖం వచ్చేది. ఎక్కడికి పోతున్నాం మేమిద్దరం? ఖోలీ పోతే ఎక్కడికి? పిల్లలు లేరు, ఇద్దరు పుట్టారు, ఇద్దరూ నెల తిరగకుండానే పోయారు, కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో పోతామని చెప్పుకోవడానికి కూడా లేదు. తాతల కాలంలో విడిచొచ్చిన కరీంనగరం ఊరి పేరు తెలుసు, దారి తెలియదు. చుక్క పెట్టకుండా గీత గీయమంటే ఎలా? కానీ గీసాను. ఇరవయ్యో రోజుకు ఒక గీత నిటారుగా పోయి చుక్క మీద ఆగింది. ఆయన మెడ ఎత్తి చూసి, “ఇగ వచ్చింది” అన్నాడు. ఆ రోజు రొట్టె అడిగి పెట్టించుకున్నాడు. ఆ గీత కోసం కాదు, ఆ రొట్టె కోసం నేను మళ్ళీ నూరు గీతలు గీసాను.

అంతకుముందు నాలుగు నెలలు ఎలా గడిచాయో తలుచుకోకూడదు అనుకుంటాను, తలుచుకుంటాను. ఆయనది పుర్రచెయ్యి, ఎడమచేత్తోనే గీసేవాడు, ఎడమను మా సోలాపూర్ వాళ్ళం మరాఠీలో డావా అంటాం, అందరూ ఆయన్ని డావా గంగాధర్ అనేవాళ్ళు, ఇంకో గంగాధర్ ఉన్నాడని కాదు, ఇంకో డావా లేడని. ఆ గదిలోనే, నక్షా మీద వంగి ఉండగా, పెన్సిల్ జారింది. తీసుకున్నాడు. మళ్ళీ జారింది. జారిందని దత్తాత్రితో నవ్వుతూ అన్నాడట, మూడోసారి పెన్సిల్‌తో పాటు ఆయనే జారాడు. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. మాట దక్కింది, తెలివి దక్కింది, అదృష్టం అన్నాడు డాక్టరు. ఇంకేదో కూడా అన్నాడు, ఇంగ్లీషులో, పొడుగ్గా, నేను తల ఊపాను. తల ఊపడానికి ఏం పోయింది? ఇంటికి తెచ్చాక ఆయన ఎప్పుడూ కుడి వైపు గోడకే తిరిగి పడుకునేవాడు. “సావు రాదేందే” అని గోడను అడిగేవాడు. పళ్ళెం పెడితే సగం తిని సగం వదిలేసేవాడు, కత్తిరించినట్టు సగం. ఆకలి చచ్చిపోయిందనుకున్నాను. శేంగా చట్నీ, పల్లీల పొడి, అంటే ప్రాణం కదా, ఒక రోజు అది వేసి పెడితే, “చట్నీ ఎయ్యలేదేందే, గది గూడ బందు చేసినవా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పళ్ళెంలోనే ఉంది చట్నీ. ఇదిగో అని పళ్ళెం తిప్పి చూపిస్తే పసిపిల్లాడిలా చూసి తిన్నాడు. మనసు ఎక్కడో పెట్టుకుని పళ్ళెంలో చూస్తే ఎలా కనిపిస్తుంది అని నేనే విసుక్కున్నాను. పక్క ఖోలీ చంద్రభాగ పలకరించడానికి వచ్చి మంచానికి ఆ పక్కన ఎంతసేపు నిలబడినా ఆమె వంక చూడలేదు, ఆమెకు కోపం వచ్చి నెలరోజులు రాలేదు. ఇప్పుడు మళ్ళీ వస్తోంది, ఇవాళ ఆయన దగ్గర కూర్చుంది. కష్టంలో ఉన్నవాళ్ళతో అలిగి ఏం చేస్తారు, అలకకు కూడా అవతల మనిషి ఉండాలి.

ఆ గోడ వైపు నుంచి ఆయన్ని ఇటు తిప్పింది దత్తాత్రి. ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు నక్షా గదికి పెద్ద. ఖోలీ సంగతి చెప్పడానికి వచ్చాడు, చెప్పలేక టీ చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు. చివరికి, “కన్ను అన్నది ఉన్నది, చెయ్యే పాయె. ఒక చెయ్యి దొరికితే చాలు” అన్నాడు, ఏదో అనాలని. మా ఆయన వెంటనే, “ఈమెకున్నది కదా చెయ్యి” అన్నాడు. నేను నవ్వాను, దత్తాత్రి నవ్వాడు, ఆయన నవ్వలేదు. మర్నాడు పొద్దున భోంగా మోగకముందే లేపాడు, “కాగితం తే.” అదీ ఒప్పందం. చెయ్యి నాది, కన్ను ఆయనది. పెళ్ళయి ఇరవై ఏళ్ళకు మా ఇద్దరికీ కలిపి ఒక పని దొరికింది, దానికి ఆయన ఎడమ సగం చావాల్సి వచ్చింది. ఆ మాట అనకూడదు. అనుకోకూడదు కూడా. కానీ ఈ మూడు నెలలు నాకు బాగున్నాయి. ఆయన కసురుతుంటే బాగుంది. గడ్డం గీసుకున్నాడు, చావు మాట ఎత్తడం మానేశాడు, కాగితం చూడటానికి దిండు ఎత్తు పెట్టించుకున్నాడు. ఏడుస్తూ ఉన్న ఇంట్లో ఎవరో దీపం ముట్టించినట్టే ఉంది.

గీతల తర్వాత గోల్. గుండ్రం కాదు, పండుకున్న గోల్. గుండ్రాన్ని పైనుంచి ఒత్తితే అడ్డంగా సాగినట్టు ఉంటుంది. గుండ్రంగా గీయరాదా అని అడిగాను, మొదటిసారి అడిగే ప్రతివాళ్ళూ అదే అడుగుతారట. మా చద్దర్‌లో పడుగు పోగు సన్నం, పేక పోగు లావు. గ్రాఫ్ కాగితం మీద గడి చదరంగా ఉన్నా, నేతలో ఆ గడి నిలువుగా సాగుతుంది. కాగితం మీద గుండ్రంగా గీస్తే చద్దర్ మీద కోడిగుడ్డు నిలబెట్టినట్టు వస్తుంది. అందుకని కాగితం మీద పడుకోబెట్టి గీయాలి. “కాగితం మీద పండుకుంటది, మగ్గం మీద లేస్తది” అన్నాడు. అని, తన కాలు వంక చూసుకున్నాడు. నేను చప్పున ఇంకో కాగితం తీసాను. ఆ మాట నాకు మంత్రంలా పట్టుకుంది, కాగితం మీద వంకరగా ఉన్నదే నేతలో సాపు అవుతుందన్నమాట, కంటికి తప్పుగా కనిపించినా పని తెలిసినవాడు చెప్పింది చెయ్యాలన్నమాట. నా గోల్‌లు నాకు ఎప్పుడూ ఒక పక్కకు పొట్ట వేసుకున్నట్టే కనిపించాయి. అడిగితే, “నీకేం ఎరుక? డావా దిక్కు ఇంకా తక్కువున్నది. జరుపు. ఇంకా జరుపు” అనేవాడు. కుడిచేతి బొటనవేలి గోరుతో కాగితం మీద నొక్కి, “ఇగో ఇది నడిమి, ఇటెంతనో అటంతనే” అనేవాడు. ఆ గోటి నొక్కు ఈ కాగితాలన్నిటి మీదా ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. దారంతో కొలిచి చూద్దామా అంటే కోప్పడ్డాడు. “కొలవకు. కొలిస్తే కన్ను సోమరిదైతది. కన్నుతోని నేర్వు.” సరే అన్నాను. ఒట్టు వేయించుకున్నాడు, వేశాను. పుర్రచేతి మనిషి కదా, ఆయన లెక్క అటు నుంచి ఇటు ఉంటుంది, కుడిచేతి దానికి నాకు వింతగానే ఉంటుంది అని సర్దుకున్నాను. సర్దుకోవడంలో మా అమ్మ తర్వాత నేనే.

డబ్బా చివర. డబ్బాల అంచు చద్దర్‌కు ఇప్పుడు గిరాకీ ఎక్కువ, పక్కపక్కనే పేర్చిన పెట్టెలు దుప్పటి మీద నుంచి లేచి వస్తున్నట్టు కనిపించాలి. మా పెళ్ళినాటి రేకు ట్రంకును మంచం పక్కన పెట్టించి దాన్నే గీయమన్నాడు. ముందు మూల ఒకటి పట్టుకోవాలి, అక్కడి నుంచి మూడు గీతలు, ఒకటి కిందికి, ఒకటి ఇటు, ఒకటి అటు, ఇక మిగిలినవన్నీ ఆ మూడింటి వెంట నడవాల్సిందే. “మూడు మంచిగ గీస్తే తొమ్మిది వస్తయి” అన్నాడు. అది నాకు తొందరగా వచ్చింది, ఒక్క పోగు తప్పితే అంతా తప్పే కొంపలో పుట్టినదాన్ని కదా. కానీ అక్కడ కూడా డావా పక్క గీత చాలదు, చాలదు, చాలదు. నా ట్రంకులన్నీ ఒక పక్కకు సాగి, మూత పెడితే పట్టనట్టు ఉన్నాయి. గీస్తూ గీస్తూ తల ఎత్తి చూస్తే మా ఖోలీ కూడా ఒక డబ్బాయే, నేను లోపలి నుంచి దాని మూలలు చూస్తున్నాను. పది అడుగులు ఇటు, ఎనిమిది అటు. ఆ మూల పొయ్యి, ఈ మూల నీళ్ళ కుండ, మధ్యలో మంచం. నెలాఖరుకు మూత తీసి మమ్మల్ని బయటికి దులుపుతారు.

తలుపు తెరుచుకుంది. నా కోసం కాదు, ఎవరో చాయ్ గ్లాసులు పట్టుకుని పోయాడు. తలుపు పూర్తిగా మూసుకోలేదు, దాని నీడ ఎదురు గోడ మీద పడింది. అప్పుడు చూసాను, ఎదురు గోడ మీద, బల్లకు ఎదురుగా, అద్దం కట్టించి పెట్టిన నక్షా. సూర్యుని చద్దర్‌ది. ఇంతసేపూ అద్దంలో కిటికీ వెలుతురు పడి కనిపించలేదు. మా ఆయన పన్నెండేళ్ళ కింద గీసింది, ఊరంతా కప్పుకున్న చద్దర్, నేనూ కప్పుకున్నాను, ఇప్పటికీ ఆయన కాళ్ళ మీద ఉన్నది అదే. మధ్యలో పండుకున్న గోల్. నాకు ముందు గర్వమే వచ్చింది, అబద్ధం ఎందుకు. లేచి దగ్గరికి వెళ్ళాను. ఎంత నిమ్మళంగా ఉందో ఆ గోల్. పొట్ట లేదు, సాగుడు లేదు, ఇటెంతో అటంతే ఉన్నట్టుంది. ఉన్నట్టుంది ఏమిటి, పుర్రచేతి మనిషి గోల్ కదా, పొట్ట డావా దిక్కుకు ఉండాలి కదా, నాకు నేర్పిన పద్ధతి ఇదే కదా. చెయ్యి నడుము దగ్గరికి పోయింది, దారం ఉండ చేతికి వచ్చింది. ఒట్టు గుర్తుంది. ఒట్టు గుర్తుండగానే అద్దం మీద దారం పెట్టాను, ఈ కొస నుంచి ఆ కొసకు, గోటితో తుంచాను, దారాన్ని సగానికి మడిచాను, మళ్ళీ పెట్టాను. మడత సరిగ్గా సూర్యుని నడుమ పడింది.

బల్ల మీదికి వచ్చి కట్ట విప్పాను. నిన్నటి కాగితం పైన ఉంది, “బరోబర్ వచ్చింది, రేపు గిట్లనే గియ్యి” అని ఆయన మెచ్చుకున్నది. దారం పెట్టాను, మడిచాను. ఆయన గోటి నొక్కు ఇక్కడుంది. మడత డావా దిక్కుకు రెండు వేళ్ళ దూరంలో పడింది. మళ్ళీ పెట్టాను. అంతే. మొన్నటిది తీసాను, అంతే. పోయిన వారం, అంతే. పోయిన నెల కొంచెం తక్కువ తేడా, ఇంకా వెనక్కి పోతే ఇంకా తక్కువ. కట్ట అడుగున గీతల దాకా పోయి, గోల్ మొదలుపెట్టిన వారం కాగితం తీసాను. ఆయన కోపంగా కొట్టేసింది, కుడిచేత్తో వంకరటింకరగా గీత కొట్టి “గిది గోలానే?” అన్నది. దారం పెట్టాను. మడత నడుమ పడింది. బరోబర్‌గా ఉంది. కొట్టేసినది బరోబర్‌గా ఉంది. ఆయన కొట్టివేసిన గీత కూడా చూసాను అప్పుడు, ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్న కాగితాన్ని అప్పుడే మొదటిసారి చూసాను. కొట్టివేత కుడి సగం మీదే ఉంది. డావా సగాన్ని కొట్టెయ్యలేదు. ఎందుకు కొట్టేస్తాడు, అక్కడ ఒక సగం ఉందని ఆయనకు తెలిస్తే కదా.

చట్నీ పళ్ళెంలో డావా పక్కన ఉంది. చంద్రభాగ మంచానికి డావా పక్కన నిలబడింది. సగం రొట్టె, సగం అన్నం, కత్తిరించినట్టు, ఎప్పుడూ ఒకే సగం. గడ్డానికి నేను అద్దం పట్టుకుంటే కుడి చెంప ఒక్కటే గీసుకుని అయిపోయిందన్నాడు, డావా పక్క మొద్దుబారింది కదా అని మిగిలింది నేను గీశాను. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. ఆయనకు ఒక సగం కనిపించడం లేదు, నాకు రెండు సగాలూ కనిపిస్తూ ఏమీ కనిపించలేదు, ఎవరి కన్ను పోయినట్టు? డాక్టరు ఆ రోజు చెప్పింది ఇదేనేమో. నేను తల ఊపాను. ఆయనకు తెలుసా? తెలియదు. తెలిస్తే అంత ధీమాగా గోరు నొక్కడు. ప్రపంచమే డావా పక్క కొంచెం తక్కువైందనుకుంటున్నాడు, దాన్ని నా చేత జరిపించి జరిపించి సరిచేయిస్తున్నాడు. నేను నేర్చుకుంది నక్షా కాదు, ఆయన జబ్బు. మూడు నెలలు కూర్చుని ఆయన జబ్బును శ్రద్ధగా, భుజంతో, గాలిలో తిప్పి తిప్పి నేర్చుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. దారం ముక్కలు ఒళ్ళంతా ఉన్నాయి. చెయ్యీ నాదే, కన్నూ నాదే అయితే, ఆ మంచం మీద మనిషికి ఇక ఏం మిగిలింది? మళ్ళీ ఆ గోడ. మళ్ళీ ఆ గోడను అడగడం.

ఎంత సమయం ఉందో తెలియదు. గాలిలో గీసాను. చెయ్యి డావా దిక్కుకు పోయింది, నేర్పిన కుక్కలా నేర్పిన చోటికే పోయింది. మళ్ళీ గీసాను. అద్దంలో గోల్ మీద కన్ను పెట్టి, పెన్సిల్ మీద కాదు, పోయే చోటు మీద పెట్టి గీసాను. ఆ మాట కూడా ఆయనదే. ఆయన చెప్పినవి పనికొచ్చేవే అన్నీ, ఒక్క డావా దిక్కు తప్ప. కుడి నుంచి పోయి, డావాకు తిరిగేచోట ఆగు. ఆగు. ఇంకా జరుపు అంటున్నాడు చెవిలో. జరపను. నన్ను మన్నించు, ఇవాళ జరపను. పదిసార్లు, పదిహేనుసార్లు. సాంచాలు ఆడుతున్నాయి, బల్ల ఆడుతోంది, చెయ్యికి దారి తెలుస్తోందో లేదో తెలియడం లేదు, ఇంతలో “వదినె, రా” అన్నాడు దత్తాత్రి.

లోపల కార్ఖానా యజమాని సేఠ్ కళ్ళజోడు పైకి పెట్టుకుని ఏదో కాగితం చదువుతున్నాడు, చదవడం ఆపలేదు. దత్తాత్రి నన్ను పీట మీద కూర్చోమన్నాడు, పీట ఒక అంచు అరిగి ఉంది, ఎడమ మోచెయ్యి ఆనే వైపు. గీత గీసాను. నిటారుగా పోయింది. డబ్బా గీసాను, మూల పట్టుకుని మూడు, మూడింటి వెంట తొమ్మిది, డావా పక్కన సాగబోయిన గీతను పళ్ళు బిగబట్టి ఆపాను. ఇక గోల్. దత్తాత్రి చూస్తున్నాడు. గాలిలో ఒకసారి, రెండుసార్లు, మూడోసారి దించాను. కళ్ళు మూసుకోలేదు కానీ మూసుకున్నట్టే ఉంది. దత్తాత్రి కాగితం తీసుకుని, మధ్యకు మడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒక సగం మీద ఇంకో సగం పడింది. సేఠ్‌కు చూపించాడు. సేఠ్ కళ్ళజోడు దించి చూసి తల ఊపాడు.

“సోమారం నుంచి రా వదినె. ఖోలీ మీదే ఇగ, ఫికర్ చెయ్యకు” అన్నాడు దత్తాత్రి. అతనే మళ్ళీ గొంతు తగ్గించి, “ఆడమనిషిని ఈ గదిల కూసోబెట్టుడు ఇదే మొదలు. ఎనక అన్న కన్ను ఉన్నదనే సేఠ్ ఒప్పుకున్నడు. గీసిన ప్రతి నక్షా ఇంటికి పట్కపో. డావా ఉజ్వా రెండు దిక్కులు బరోబర్ ఉన్నదని అన్న చూసి నిషానీ పెడితేనే మగ్గం అట్టలకు తూట్లు కొట్టిస్తం. గదే షరతు” అన్నాడు. “అన్న కన్ను మంచిగనే ఉన్నది కదా?”

ఈ దత్తాత్రి మా ఇంట్లో తిన్నవాడు. చెబితే అర్థం చేసుకుంటాడేమో. చేసుకుని ఏం చేస్తాడు? షరతు అతనిది కాదు. సేఠ్ మళ్ళీ కాగితం చదువుకుంటున్నాడు, కానీ చెవి ఇటే ఉంది.

“మంచిగనే ఉన్నది” అన్నాను. “నా గోల్‌లు అన్నీ ఆయనే చూసిండు.” ఇందులో అబద్ధం ఏది? రెండో మాట నిజమే.

మళ్ళీ బల్ల మీద కూర్చున్నాను. ఇంటికి పోవాలి. పోగానే మొదట అడిగేది ఒక్కటే, కాగితం ఏది, లోపల ఎట్లా గీసినవ్, చూపెట్టు. ఆ కాగితం లోపల ఉండిపోయింది, ఉన్నా చూపించలేను, చూపిస్తే “గిది గోలానే” అంటాడు, గిది గోల్ అయితే నాకెందుకు గట్ల కనిపిస్తున్నదని ఏదో ఒక రోజు ఆలోచిస్తాడు. తెలివి దక్కింది కదా ఆయనకు. కట్టలో ఇంకా కొన్ని తెల్ల కాగితాలున్నాయి. ఒకటి ఒళ్ళో పెట్టుకుని గీసాను. చెయ్యి ఇప్పుడే నేర్చుకుంది కదా, బరోబర్ వచ్చింది. అది చింపాను. రెండోదీ బరోబర్‌గానే వచ్చింది. మూడు నెలలు వద్దన్నా వచ్చిన పొట్ట కావాలంటే రావడం లేదు. నవ్వు వచ్చింది, ఆ నవ్వుతో పాటు అంతసేపూ రానిది కూడా వచ్చింది, కొంగుతో కళ్ళు తుడుచుకుని, బొటనవేలి గోరుతో కాగితం మీద నొక్కాను, ఆయన నొక్కే చోటే, నడిమికి రెండు వేళ్ళు కుడికి. ఇగో ఇది నడిమి. గాలిలో తిప్పాను. జరుపు. ఇంకా జరుపు. నాలుగోదానికి వచ్చింది. డావా దిక్కుకు చక్కగా పొట్ట వేసుకుని, ఆయన చూసి సంతోషపడేలా వచ్చింది. ఇకనుంచి రెండు రకాలూ నేర్చుకోవాలి, ఇక్కడికి ఒకటి, ఇంటికి ఒకటి. నిషానీ దీని మీద పెట్టించాలి, అదే నిషానీ దాని మీద నేను పెట్టాలి, నేత దానితో జరగాలి. ఎన్నాళ్ళు? ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు. నేను గీసిన ఒక్క చద్దర్ కూడా ఆయన కళ్ళ పడకూడదు, పడినా ఏం, మగ్గం మీద లేచిందనుకుంటాడు.

భోంగా మోగింది. సాంచాలు ఒక్కొక్కటే ఆగాయి, బల్ల వణుకు ఆగింది, జనం అన్నం డబ్బాలు పట్టుకుని బయటికి వస్తున్నారు. చింపిన కాగితాలు, దారం ముక్కలు ఏరి కొంగున కట్టుకున్నాను. నాలుగోదాన్ని మడత పడకుండా చుట్టి పట్టుకున్నాను. చంద్రభాగను మంచానికి కుడి పక్క కూర్చోమనాలి. ఆయనకు అన్నం పెట్టే వేళయింది, చట్నీ ఇకనుంచి పళ్ళెంలో కుడి పక్కన వెయ్యాలి.